కదలని వెదురు

మొన్నటి వేసవిలో మేము మా అమ్మాయి కాపురమున్న కనెక్టికట్టునకు పోయితిమి. అది అమెరికాలో ఈశాన్యమున నున్న చిన్న రాష్ట్రము. అమ్మాయి యుండు వీధిలో ఇండ్లకు ప్రహరీలు లేవు. ఒకరి పచ్చికబయలు మరియొకరి పచ్చికబయలిలో కలిసిపోవును. చూచుటకు రమ్యముగానే యున్నది గాని, మా వియ్యపురాలుగారికి మాత్రము అది చిక్కుగా నుండెను. ఆమె పెరటిలో తులసితొట్టికడ కూర్చుండి స్తోత్రములు చదువుకొనును. ప్రక్కయింటి మేడకిటికీ సరిగా ఆ కుర్చీపైకే తెరచుకొనును. "వదినగారూ, ఎవరో చూచుచున్నట్లే యుండును" అని చెప్పి, ఆమె పెరటిలోనికి వచ్చుటయే మానివేసెను.

సరిహద్దున నున్న నేల నాలుగడుగుల వెడల్పు మాత్రమే. అంత యిరుకున వెదురు తప్ప మరేమియు తోచలేదు. మన యిండ్లలో తడక కట్టినట్లు, అక్కడ ప్రాణమున్న తడక పెంచవచ్చు ననుకొంటిమి. అమ్మాయి స్నేహితురా లొకతె తన తోటనుండి వెదురు దుంపవేళ్లు ఉచితముగా నిచ్చెద ననెను. అది 'ఎల్లో గ్రూవ్' అను జాతి. 25 అడుగులు పెరుగును, సున్నకు 20 డిగ్రీలు దిగువనున్న చలికిని ఓర్చును. మేము సంతోషించితిమి.

మరునాడు వ్యాహ్యాళికి పోవుచు, వీధి చివర నొక వృద్ధురాలి తోట చూచితిమి. ఆ వెదురే! నాటిన చోటు విడిచి, నేలక్రింద ప్రాకి, రాళ్లుపరచిన బాటను లేవనెత్తుకొని పిలకలు వచ్చుచుండెను. పొరుగువారి నేలలోనికిని పోయినందున ఆమెకు మాటలు పడవలసి వచ్చెనట. ఆ రాష్ట్రమున 2013లో దీనికై చట్టమే చేసిరి. ఇట్టి ప్రాకుడు వెదురు సరిహద్దు దాటినచో నష్టమునకు నాటినవారే బాధ్యులు.

మనకు ఈ భయము తెలియదు. మన కొండలలోని ముళ్లవెదురు, సాధనవెదురు పొదగా పెరుగునవే. ఉష్ణదేశపు వెదుళ్లు చాలవరకు ఇట్టివి. చలిదేశములందు సామాన్యముగా నాటునవి ప్రాకుడుజాతులు. అయినను చలికి నిలిచి, పొదగానే యుండునవియు కలవు. అవి చైనాకొండలలోని ఫార్జీసియాలు. అచటి పాండాలకు ఆహారము. వానిలో రోబస్టా నిటారుగా నిలుచును గాని, సున్నకు 18 డిగ్రీలు దిగువకు పోయిన చలికి తాళుట కష్టము. నిటిడా ఇంకను గట్టి చలికి నిలుచును, నీడను కోరును. దాని యెత్తు 10, 12 అడుగులే.

"అంత పొట్టి దేమి చాలునమ్మా?" అని అమ్మాయి సందేహించెను. అప్పుడు మేము కొలిచి చూచితిమి. కుర్చీకిని సరిహద్దునకును 10 అడుగులు, సరిహద్దునకును కిటికీకిని 20. కూర్చున్నవారి కన్ను 4 అడుగుల యెత్తున నున్నది, కిటికీ పైయంచు 19 అడుగులు. లెక్క వేయగా సరిహద్దుకడ 9 అడుగుల తెర చాలునని తేలెను. కావలసినది ఇరువదియైదడుగులు కాదు!

ఇండ్ల మధ్య నీడయే కనుక నిటిడా నాటితిమి. మొక్కకును మొక్కకును నాలుగడుగుల యెడము, మొదట ఆకుచెత్త కప్పు. దీనికి నూరేండ్లకు మించి యొకసారి పూత వచ్చి, పూచిన పొద చచ్చును. గడచిన శతాబ్దపు చివర మొదలుకొని పాతవి పూచినందున, వాని విత్తనములనుండి పుట్టిన క్రొత్త మొక్కలనే అడిగి తెచ్చుకొంటిమి. గడ్డుచలిలో ఆకు చుట్టుకొనుట తెగులు కాదు. మంచు పేరుకొని కొమ్మలు వంగినపుడు మెల్లగా దులుపవలెను. వెలుపలికి వచ్చు పిలకలను ఏటేట త్రవ్వి తీసిన చాలును.

తెర కట్టుటకు నాలుగైదేండ్లు పట్టును. అందాక ఆ వైపున ఒక తడక నిలిపితిమి. మేము బయలుదేరు నాటి ఉదయమున మా వియ్యపురాలుగారు చెంబుతో మొక్కలకు నీరు పోసి, ఆ తడకచాటున కుర్చీ వేసికొని కూర్చుండిరి.