అద్దంలాంటి నీళ్ళు... ఐసులాంటి నీళ్ళు!

కొండమీద సరస్సు అనగానే మన సినిమా ప్రేక్షకుడి కళ్ళముందు ఏం మెదులుతుందో నాకు తెలుసు. ఊటీ, కాకపోతే కొడైకెనాల్! గళ్ళ చొక్కా హీరో తెడ్డు వేస్తుంటాడు. ఎదురుగా గొడుగు పట్టుకుని హీరోయిన్ సిగ్గుపడుతూ ఉంటుంది. రెండు చరణాలు పూర్తయ్యేసరికి పడవ ఒడ్డుకి చేరుతుంది. ఆ నీళ్ళలో దిగి ఈదిన హీరోని మాత్రం నేనింతవరకు చూళ్ళేదు. అవి చూసే నీళ్ళే గాని దిగే నీళ్ళు కావు.

దిగి ఈదే కొండ సరస్సు చూడాలన్న నా కోరిక అమెరికాలో ఉన్న మా అక్కయ్య పుణ్యమా అని తీరింది. గత వేసవిలో అమ్మనీ నన్నూ వాళ్ళింటికి పిలిపించుకుంది. జూన్ నెలాఖరున ఓ శుక్రవారం తెల్లవారుజామునే బావ కారు తీశాడు. వెనక సీట్లో అమ్మా, అక్కయ్యా, తొమ్మిదేళ్ళ మేనల్లుడు చిన్నా. డిక్కీలో పులిహోర, పెరుగన్నం, ఆవకాయ. తెలుగువాడు ఏ దేశం వెళ్ళినా విహారయాత్ర ఈ మూడింటితోనే మొదలవుతుంది గదా!

శాక్రమెంటో ఊరు దాటాక 50వ నంబరు రోడ్డు కొండలెక్కడం మొదలుపెట్టింది. ఇరువైపులా దేవదారు, పైను చెట్లు. చెవులు గుయ్యిమన్నాయి. ఏడువేల అడుగుల పైచిలుకు ఎత్తున ఎకో సమ్మిట్ అనే కనుమ వస్తుంది. అక్కడ మలుపు తిరగ్గానే అక్కయ్య "అదుగో!" అంది. కొండల మధ్య, ఎవరో నీలిమందు కలిపి పోసినట్టు... లేక్ టాహో!

ఈ సరస్సు సముద్రమట్టానికి 6,225 అడుగుల ఎత్తున ఉంది. పొడవు 22 మైళ్ళు, వెడల్పు 12 మైళ్ళు. చుట్టూ తీరం వెంట తిరిగి రావాలంటే 72 మైళ్ళు. మూడింట రెండొంతులు కాలిఫోర్నియాది, ఒక వంతు నెవాడాది. లోతు ఎంతనుకున్నారు? 1,645 అడుగులు! మన నాగార్జునసాగర్ డ్యాములు నాలుగు తెచ్చి ఒకదానిమీద ఒకటి నిలబెట్టినా పై అంచు దాదాపు నీటిమట్టం దగ్గరే ఆగిపోతుందన్నమాట. 63 ఏరులు వచ్చి ఇందులో కలుస్తాయి. బయటికి పోయేది మాత్రం ఒక్కటే, ట్రకీ నది. ఇంత నీరు ఉండడం చేతనే, చుట్టూ మంచు కొండలున్నా, సరస్సు మాత్రం చలికాలంలోనూ గడ్డ కట్టదు. 'టాహో' అనే పేరు ఇక్కడి ఆదివాసులైన వాషో ప్రజల మాటలోంచి వచ్చింది. వాళ్ళ భాషలో దానర్థం సరస్సు అనే.

సినిమా పత్రిక చదివేవారికి ఈ సరస్సు కొత్తేమీ కాదు. 1974లో వచ్చిన 'గాడ్ ఫాదర్' రెండో భాగం గుర్తుందా? మైకేల్ కార్లియోన్ నివాసంగా చూపించిన ఆ భవనాల సముదాయం పడమటి ఒడ్డున హోమ్‌వుడ్‌లో ఉంది. పేరు ఫ్లూర్ డ్యు లాక్. ఇప్పుడది ప్రైవేటు ఆస్తి, లోపలికి పోనివ్వరు. చివర్లో అన్న ఫ్రెడోని పడవలో చేపలకని తీసుకుపోయి చంపించేస్తారే, ఆ నీళ్ళు ఈ నీళ్ళే! అంతకుముందు 1951లో ఎలిజబెత్ టేలర్, మాంట్‌గొమరీ క్లిఫ్ట్ నటించిన 'ఎ ప్లేస్ ఇన్ ద సన్' ని కూడా ఈ చుట్టుపక్కల సరస్సుల దగ్గర తీశారు. అందులోనూ ఈత రాని పిల్ల పడవ తిరగబడి మునిగిపోతుంది. రెండు సినిమాల్లోనూ సరస్సు ఎంత అందంగా ఉందో అంత నిర్దాక్షిణ్యంగానూ ఉంది. అదేమిటో ఆ మధ్యాహ్నమే నాకు అనుభవంలోకి వచ్చింది.

నైరుతి మూలన ఎమరాల్డ్ బే అని ఓ చిన్న అఖాతం ఉంది. అందులో బుల్లి ద్వీపం, ఫానెట్. ఇంత సరస్సుకీ ఉన్న ద్వీపం అదొక్కటే. ఒడ్డున 1929లో స్కాండినేవియా పద్ధతిలో కట్టిన 'వైకింగ్స్‌హోమ్' అనే మేడ. రోడ్డుకి అటువైపు నుంచి ఈగిల్ లేక్ అనే మరో చిన్న సరస్సుకి కాలిబాట పోతుంది. దూరం మైలు. నాలుగువందల అడుగుల పైన ఎక్కాలి. దారి మొదట్లోనే అనుమతి చీటీ మనమే రాసుకుని ఓ ప్రతి దగ్గర ఉంచుకోవాలి.

"అత్తయ్యగారు కార్లో కూర్చుంటే..." అని బావ నసిగాడు.

"తిరుమల మెట్లెక్కిన కాళ్ళివి నాయనా. నడవండి!" అని అమ్మ చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని ముందు నడిచింది. 62 ఏళ్ళావిడ స్వెట్టరూ, తలకి మఫ్లరూ, కాళ్ళకి అక్కయ్య బూట్లూ వేసుకుని ఆ రాతిమెట్లు ఎక్కుతుంటే ఎదురొచ్చిన దొరలూ దొరసానులూ పక్కకి జరిగి దారిచ్చారు. ఎత్తు ప్రదేశం గనక ఆయాసం తొందరగా వస్తుంది. నాలుగడుగులేసి ఆగి, గుక్కెడు నీళ్ళు తాగి... అలా ముప్పావుగంటలో పైకి చేరాం.

ఈగిల్ లేక్ చూసేసరికి ఆయాసం మర్చిపోయాను. మూడువైపులా బూడిదరంగు కొండరాళ్ళు. పైన అక్కడక్కడా కరగని మంచు. కింద నీళ్ళలో గులకరాళ్ళు లెక్కపెట్టొచ్చు. నేను గోదావరి కాలవ పక్క పుట్టినవాణ్ణి. ఎనిమిదో ఏటనే లాకుల మీంచి దూకినవాణ్ణి. ఇంక ఆగుతానా? చొక్కా విప్పి, బండ మీదికెక్కి, మేనల్లుడి వంక గర్వంగా ఓ చూపు చూసి... దభీమని దూకాను.

నీళ్ళు తగిలిన మరుక్షణం ఎవరో గుండెలమీద గుద్దినట్టయింది. నా ప్రమేయం లేకుండానే నోరు తెరుచుకుంది. ఓ గుక్క నీళ్ళు లోపలికి పోయాయి. ఊపిరి అందడం లేదు. కేకెయ్యడానికి గొంతు పెగలడం లేదు. పాతికేళ్ళనాటి ఈత ఒక్కసారిగా మర్చిపోయినట్టు చేతులు ఎటుపడితే అటు కొట్టుకుంటున్నాయి. ఒడ్డు పదిహేను అడుగుల దూరంలో ఉంది. పదిహేను మైళ్ళలా కనిపించింది.

"ఈదకు! వెల్లకిలా తేలు!" అని బావ అరుపు.

ఎలాగో వెల్లకిలా తిరిగి ఆకాశం కేసి చూస్తూ ఉండిపోయాను. ఒకటి... రెండు... నిమిషం గడిచాక ఊపిరి నా మాట వినడం మొదలుపెట్టింది. అప్పుడు మెల్లిగా ఒడ్డుకొచ్చి పడ్డాను.

తలెత్తి చూద్దును గదా, నేను దూకిన బండమీదే చిన్నా చొక్కా లేకుండా నిలబడి ఉన్నాడు. వాడి చెయ్యి అమ్మ పిడికిట్లో ఉంది. "మామయ్య దూకాడుగా! నన్నొదులు అమ్మమ్మా" అని గింజుకుంటున్నాడు వాడు. అమ్మ వదల్లేదు. నన్ను మాత్రం ఒక్కటే మాట అంది.

"నిన్ను చూసి దూకేవాడొకడు వెనకాల ఉన్నాడని తెలీదుట్రా?"

చలికన్నా ఆ మాటకే ఎక్కువ వణికాను.

తర్వాత పులిహోర తింటూ బావ విడమరిచి చెప్పాడు. చన్నీళ్ళలో మొదటి నిమిషం ఊపిరిదే ప్రమాదం. ఒళ్ళు ఒక్కసారిగా చల్లబడేసరికి ఊపిరి దానంతటదే ఎగబీలుస్తుంది. ఆ క్షణాన మొహం నీళ్ళలో ఉంటే అంతే సంగతులు. ఆ నిమిషం గట్టెక్కినా, సుమారు పది నిమిషాలయ్యేసరికి చేతులూ కాళ్ళూ పట్టుతప్పుతాయి. గజ ఈతగాళ్ళు సైతం మునిగేది అందుకేనట. ఒళ్ళు గడ్డకట్టి చావడమన్నది ఆ తర్వాతి మాట. పెద్ద సరస్సులో ఆగస్టు నాటికి పై నీళ్ళు 65 నుంచి 70 ఫారన్‌హీట్ డిగ్రీల దాకా వెచ్చబడతాయి. అడుగున ఎప్పుడూ 39 డిగ్రీలే. గట్టిగా గాలి వీస్తే ఆ చల్లనీరు పైకి తిరగబడుతుంది. పైన ఎండ చురుక్కుమంటుంటే కింద ఇంత చలి ఉంటుందని ఎవరనుకుంటారు?

మర్నాడు పొద్దున్నే నెవాడా వైపున్న శాండ్ హార్బర్‌కి వెళ్ళాం. ఆలస్యమైతే పార్కింగు దొరకదు. తెల్లటి ఇసక, ఏనుగు గున్నల్లాంటి బండలు, మధ్యలో పచ్చలూ నీలాలూ కలిపినట్టు లోతులేని నీళ్ళు. పిల్లలతో వెళ్ళేవారికి ఇంతకన్న మంచి చోటు ఉండదు. ఈసారి హీరో వేషాలు లేవు. చిన్నాకి లైఫ్ జాకెట్టు, నాక్కూడా ఒకటి! ముందు పాదాలు, తర్వాత మోకాళ్ళు, మొహం మీద నాలుగు దోసిళ్ళు, అప్పుడు నడుంలోతు. అలా దిగితే ఆ చలే హాయి అయింది. పది నిమిషాలకోసారి బయటికొచ్చి ఎండలో తువ్వాలు కప్పుకుని కూర్చున్నాం. మేనల్లుడూ నేనూ ఒడ్డు వెంటే అయిదారుసార్లు ఈదాం. అమ్మ కూడా చీర పాదాలపైకి ఎత్తి పట్టుకుని నీళ్ళలోకి రెండడుగులు వేసి, "అమ్మయ్యో, కాశీలో మాఘస్నానంలా ఉంది" అని నవ్వింది. ముందురోజు నుంచి నాతో మాట్లాడని మనిషి నవ్వింది. ఆ యాత్రలో నాకు దక్కిన లాభం అదే!

ఎలుగుబంట్లు తిరిగే చోటు గనక తిండి కారులో వదలకూడదు. మిగిలిన పెరుగన్నం గిన్నె కూడా ఇనప పెట్టెలో పెట్టి గొళ్ళెం వేశాం. ఎలుగుబంటికి ఆవకాయ రుచి తెలిస్తే ఇంకేమైనా ఉందా?

ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఈ నీటి తేటదనాన్ని 1968 నుంచీ శాస్త్రజ్ఞులు కొలుస్తున్నారు. తెల్లటి పళ్ళెం ఒకటి తాడుకట్టి దింపుతారు. కంటికి కనిపించనంత లోతుకి పోయాక తాడు పొడవు చూస్తారు. అంతే! మొదట్లో ఆ పళ్ళెం నూరడుగుల లోతుదాకా కనిపించేది. 2023లో సగటున 68 అడుగులే. రోడ్లమీంచీ కట్టడాలమీంచీ కొట్టుకొచ్చే సన్నటి ధూళీ, నాచూ కారణమట. లక్షలమంది చూడ్డానికి వచ్చే అందం, వచ్చేవాళ్ళ మూలానే మసకబారుతోందన్నమాట. అంచేత చెత్త మనతోనే వెనక్కి తెచ్చుకోవాలి.

తిరుగు ప్రయాణంలో ఎకో సమ్మిట్ దగ్గర మళ్ళీ కారు ఆపాం. సరస్సు ఏమీ ఎరగనట్టు నీలంగా మెరుస్తోంది. చిన్నా నా చెయ్యి పట్టుకుని, "మామయ్యా! వచ్చే ఏడు మళ్ళీ వద్దాం. ముందు కాళ్ళు తడుపుకునే దిగుదాంలే" అన్నాడు.

వాడికి నేర్పాలని బయల్దేరింది నేను. ఇద్దరికీ నేర్పింది అమ్మ!