మాస్టారి గడియారం

బరంపురంలో మా వీధి చివర ఒక వ్యాయామశాల ఉండేది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో శ్రీకాకుళం జిల్లాకు చెందిన కరణం మల్లేశ్వరి మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం గెలిచింది. ఆ వార్త విన్న మరునాడే నేనక్కడ చేరాను. నాకప్పుడు పదిహేనేళ్ళు. తొందరే తొందర!

మొదటి విడత ఎనిమిదిసార్లు ఎత్తేవాణ్ణి. అర నిమిషమైనా ఆగకుండా మళ్ళీ పట్టేవాణ్ణి. రెండో విడత అయిదు, మూడో విడతకు మూడే. "బలం చాలడం లేదు మాస్టారూ!" అన్నాను. ఆయన చేతిగడియారం చూపించి, "మూడు నిమిషాలు కూర్చోరా అబ్బాయ్" అన్నారు.

కండరాల్లో క్రియాటిన్ ఫాస్ఫేట్ అనే ఇంధనం కొద్దిగానే నిలవ ఉంటుందట. బలమంతా పెట్టి ఎత్తితే పది సెకన్లలోనే అది చాలావరకు ఖర్చయిపోతుంది. మళ్ళీ నిండడానికి మూడు నుంచి అయిదు నిమిషాలు కావాలి. తేలిక బరువులకు ఒకటి రెండు నిమిషాలు చాలు. పోటీల్లో కూడా ఒకే క్రీడాకారుడు వరుసగా రెండుసార్లు ఎత్తవలసి వస్తే రెండు నిమిషాల గడువిస్తారు. ఇవన్నీ విన్నాను గాని, పక్కవాళ్ళు ఎత్తుతుంటే ఊరికే కూర్చోవడం నాకు నామోషీగా తోచేది.

ఒకనాడు మాస్టారు లేనప్పుడు స్నేహితులతో పందెం కట్టి, ఆగకుండా అయిదు విడతలు ఎత్తబోయాను. నాలుగో విడతలో చేతులు వణికాయి. బారు పక్కకు ఒరిగి మణికట్టు బెణికింది. జిల్లా పోటీలు ఇంకా వారమే ఉన్నాయి.

పోటీలనాడు కట్టుకట్టిన చేత్తో వెళ్ళి వెనక నిలబడ్డాను. మాస్టారు ఒక్కమాటా అనలేదు. తన గడియారం విప్పి నా చేతిలో పెట్టి, "మనవాళ్ళకు నిమిషాలు చూడు" అన్నారు.