ధర్మన్న పడిన ఖర్చు

జూన్ 4, 2023, ఆదివారం రాత్రి

మూడు గంటల ఆటలో ముప్పావుగంట నా నోటికే సరిపోయింది. వ్యాపారి ఇంటి తాళం తీయబోతున్న దొంగను నా ధర్మన్న ఆపాడు. ఆపి ఊరుకున్నాడా, నీతులు మొదలెట్టాడు. దొంగ వేషం మా తమ్ముడిది, అంటే పిన్ని కొడుకుది. వినీ వినీ వాడు, "అన్నా, నీదయ్యాక పిలువు" అని మ్యాగీ చేసుకోడానికి వంటింట్లోకి వెళ్ళిపోయాడు. ఆట నడిపే డీఎం తన స్క్రీన్ చాటున ఫోన్ చూసుకుంటోంది.

ధర్మన్న మూడో లెవెల్ పాలడిన్. 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'లో ప్రమాణం చేసి కత్తి పట్టే ధర్మయోధుడు. అందరూ వెళ్ళాక ఆ ప్రమాణం మళ్ళీ చదివాను. అబద్ధమాడకు, భయపడకు, బలహీనుల్ని కాపాడు. పక్కవాడికి క్లాసు పీకమని ఎక్కడా లేదు.

జూన్ 7, బుధవారం

తప్పు పూర్తిగా నాది కాదని నిరూపించుకుందామని పాత రూల్స్ తిరగేశాను. పాలడిన్ ఆటలోకి వచ్చింది 1975లో, 'గ్రేహాక్' అనుబంధంతో. 1978 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో వాడికి పెట్టిన ఆంక్షలు చూస్తే జాలేసింది. కరిష్మా (ఆకర్షణశక్తి) స్కోరు కనీసం 17 ఉండాలి, రాబడిలో పదోవంతు దానం చేయాలి, మంత్రశక్తి ఉన్న వస్తువులు పదికి మించకూడదు. తెలిసి ఒక్క దుష్టకార్యం చేసినా పదవి శాశ్వతంగా పోతుంది. ఇవన్నీ వాడి జేబులోంచి పోయేవే. ఒక్కటి మాత్రం పక్కవాళ్ళ మీద పడుతుంది: మంచివాళ్ళతోనే తిరగాలి. బల్ల దగ్గర గొడవలన్నీ అక్కడే పుట్టి ఉంటాయి. మేమాడే 2014 పుస్తకంలో ఆ నియమం లేదు, ప్రమాణం ఉంది. అంటే నాకు సాకు కూడా లేదు.

ఈ పాలడిన్‌కు మూలం పోల్ ఆండర్సన్ నవల 'త్రీ హార్ట్స్ అండ్ త్రీ లయన్స్'. దాని నాయకుడు హోల్గర్ డేనిష్ ఇంజనీరు. ఇంజనీరు నేనూనూ. పోలిక అంతవరకే.

జూన్ 11, ఆదివారం

ఆటలో గాబ్లిన్ అనే పొట్టి రాక్షసుడు ఒకడు దొరికాడు. దారి చెబితే ప్రాణాలతో వదిలేస్తానని ధర్మన్న మాటిచ్చాడు. వాడు చెప్పాడు. "వదిలితే వెళ్ళి అందర్నీ లేపుతాడు, ఏసేద్దాం" అన్నాడు మా తమ్ముడు. వాడన్నదీ నిజమే. ఈసారి నోరు కట్టేసుకున్నాను. "మాటిచ్చింది నేను. తెల్లారేదాకా వీడికి కాపలా నేనే. మీరు పడుకోండి" అన్నాను.

డీఎం తలెత్తి చూసింది. "నిద్ర లేకపోతే స్పెల్ స్లాట్లు తిరిగి రావు, తెలుసుగా?"

తెలుసు. పొద్దున్నే అస్థిపంజరాలు మీదపడ్డాయి. ఇలా చచ్చి లేచినవాటి మీద డివైన్ స్మైట్ అనే దైవశక్తి దెబ్బ కొడితే కత్తిదెబ్బ కాక మూడు ఎనిమిది ముఖాల పాచికలు అదనం. ఏం లాభం, ఆ దెబ్బకు ఖర్చుపెట్టాల్సిన స్లాట్లు సున్నా. లే ఆన్ హ్యాండ్స్‌లో ఉండాల్సిన, గాయాలు మాన్పే 15 పాయింట్లూ నిన్నటి పోరులోనే అయిపోయాయి. రెండు దెబ్బలకే ధర్మన్న పడిపోయాడు. దొంగ పరుగెత్తుకొచ్చి తన దగ్గరున్న ఒకే ఒక్క మందుసీసా నా నోట్లో పోశాడు. నేను అడగలేదు.

జూన్ 13, మంగళవారం

అమ్మకు ఫోన్లో ఇదంతా చెప్పాను. అచ్చం హరిశ్చంద్రుడిలా ఆడానని కాస్త డబ్బా కొట్టుకున్నాను కూడా. "ఆయన మాట సరేరా. ముందు అమ్ముడుపోయింది చంద్రమతీ లోహితుడూ" అంది.

నిజమే. దొంగ మందుసీసా గుర్తొచ్చింది. నా మాటకు వాడూ కొంత కట్టాడు.

జూన్ 18, ఆదివారం

కోశాధికారి దొంగలెక్కల పుస్తకం తేవడానికి తమ్ముడు కిటికీలోంచి లోపలికి దూరాడు. వాడు దూరే ముందే చెప్పాను: "నన్నడిగితే నేను అబద్ధం చెప్పలేను. నీ పేరు మాత్రం బయటికి రాదు." పుస్తకంతో వాడు గోడ దూకేశాడు. వీధిలో నేను దొరికిపోయాను.

"లోపలికెళ్ళింది ఎవరో తెలుసా?"

"తెలుసు. చెప్పను." కత్తి తీసి నేనే భటుడి చేతికిచ్చాను.

బల్ల దగ్గర ఎవరూ వంటింట్లోకి వెళ్ళలేదు. తమ్ముడు కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

వచ్చే ఆదివారం ధర్మన్న ఆట జైల్లోంచే మొదలు. లే ఆన్ హ్యాండ్స్‌లో 15 పాయింట్లూ ఉన్నాయి. కత్తి లేదు.