చందమామ సాల్‌గిరా

జులై వస్తే చందమామ ఆషిక్‌లకు ఈద్ లాంటిదే. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన పత్రిక. ఇప్పుడు అచ్చులో లేదు. అయినా సాల్‌గిరా పేరుతో పాత అట్టబొమ్మలు ఒకరికొకరం చూపించుకుని మురిసిపోతాం. శంకర్ గీసిన బేతాళుణ్ని చూస్తే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. బడిలో అలిఫ్, బే దిద్దినవాణ్ని, తెలుగు మీద మొహబ్బత్ ఈ కథలతోనే పుట్టింది.

ఇంట్లో ఇంకో దోస్త్ ఉండేది. ఢిల్లీ నుంచి వచ్చే ఖిలౌనా, షమా వాళ్ల పిల్లల రిసాలా. కృషన్ చందర్ అంతటి అదీబ్ కూడా పిల్లల కోసం అందులో రాశాడు. మా అబ్బాజాన్ జిల్ద్ కట్టించిన కాపీలు అల్మారాలో ఉన్నాయి. దాని సాల్‌గిరా మాత్రం మన ఇళ్లల్లో ఎవరికీ యాద్ ఉండదు. ఉండాలంటే చదివే పిల్లలుండాలి కదా! మా అమ్మాయికి ఉర్దూ మాటొచ్చు, హర్ఫ్ రాదు. అందుకే ఇషా నమాజ్ అయ్యాక నేనే రోజుకో కహానీ చదివి వినిపిస్తున్నా.

మొన్న ఓ కిస్సా 'బాకీ ఆయిందా' దగ్గర ఆగింది. "ఫిర్ క్యా హువా, అబ్బా?" అని వదల్లేదు. ఆ తర్వాతి సంచిక మా దగ్గర లేదు. పాత కితాబుల దుకాణాల్లో వెతుకుతున్నా. మీ ఇంటి అటక మీద ఖిలౌనా కాపీలుంటే చెప్పండి.