పెళ్ళిరోజుకి అరకు: మేమిద్దరం, పాప, మామ్మ

మా ఇంట్లో పెళ్ళిరోజుకని ఊరు దాటి వెళ్ళినవాళ్ళు మాకు ముందు ఎవరూ లేరు. నందపూర్‌లో పెళ్ళిరోజంటే పొద్దున్నే తలంటు, శివాలయంలో అర్చన, ఇంట్లో పరవాన్నం, సాయంత్రం ఓపికుంటే ముప్పై రెండు మెట్ల సింహాసనం దాకా ఓ నడక. అంతే. మొన్న మాఘంలో మా మూడో పెళ్ళిరోజుకి, తొమ్మిది నెలలు నిండిన పాపని ఎత్తుకుని మేము అరకు వెళ్ళి రెండు రాత్రులు ఉండి వచ్చాం. ఆ సంగతి తెలిసి జయపురం నుంచి రాయగడ దాకా ఉన్న మన వాళ్ళంతా ఫోన్లు చేశారు. సగం మంది తిట్టడానికి, సగం మంది ఎలా వెళ్ళారో కనుక్కోడానికి. కనుక్కున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాం. తిట్టినవాళ్ళు కూడా చదవొచ్చు.

ముందు ఎందుకు వెళ్ళాలనుకున్నామో చెప్పాలి. పాప పుట్టాక మా ఇద్దరి మధ్యా మాటలు తగ్గలేదు. కానీ మాటలన్నీ ఒకేలాంటివి అయిపోయాయి. పాలు తాగిందా, డైపర్లు ఉన్నాయా, ఈసారి నీ వంతు, కాదు నీదే. రాత్రి రెండింటికి ఎవరు లేవాలన్న దానిమీద ఒకసారి మూడు రోజులు పలకరించుకోలేదు కూడా. పెళ్ళయిన కొత్తలో సింహాసనం మెట్ల మీద చీకటిపడే దాకా కూర్చుని మాట్లాడుకున్నవాళ్ళం మేమేనా అనిపించేది. ఒక్క రోజు అలా కూర్చుంటే చాలనిపించింది.

నిజానికి అరకు మా రెండో ప్రయత్నం. మొదటిది దసరాకి, విశాఖపట్నం. అప్పుడు పాపకి ఐదో నెల. కోరాపుట్‌లో రైలెక్కితే కూర్చున్న చోటినుంచే కొండలు చూసుకుంటూ పోవచ్చనుకున్నాం. మన కొత్తవలస–కిరండూల్ లైను సంగతి తెలిసిందే కదా. బైలదిల్లా ఇనప ఖనిజాన్ని విశాఖ రేవుకి చేర్చడానికి 1960లలో జపాన్ సాయంతో వేశారు. 58 సొరంగాలు. చూడ్డానికి వచ్చేవాళ్ళకి ఆ సొరంగాలే ముచ్చట. మా పాపకి మాత్రం ఒక్కో సొరంగం ఒక్కో పిడుగు. చీకటి, కూత, మళ్ళీ వెలుతురు, ఏడుపు. అది ఊరుకునేలోపు ఇంకో సొరంగం.

విశాఖలో చూడాల్సినవి ఓ కాగితం మీద రాసుకుని వెళ్ళాం. బీచి, కైలాసగిరి, సింహాచలం, జలాంతర్గామి మ్యూజియం, ఒక సినిమా, పెద్ద హోటల్లో ఒక భోజనం. అందులో అయింది బీచి ఒక్కటే, అదీ ఇరవై నిమిషాలు. భోజనాలు గదిలోనే, ఒకరు తింటుంటే ఒకరు పాపని భుజాన వేసుకుని తిరగడం. రెండో రాత్రి మాలో ఒకరం బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చాం. ఎవరో చెప్పం. ఒక రోజు ముందే తిరిగొచ్చేశాం.

అందుకని మాఘంలో మళ్ళీ వెళ్దామనుకున్నప్పుడు కాగితం చింపేశాం. ఒకటే ఊరు, ఒకటే బస, రోజుకి ఒకటే చోటు. పొద్దున్న తిని బయల్దేరితే మధ్యాహ్నం భోజనం వేళకి చేరిపోవాలి. పిల్లకి బాగోలేకపోతే అదే రోజు ఇంటికొచ్చేయగలగాలి. అలా లెక్కేస్తే పూరీ ఎగిరిపోయింది, దేవమాలి కొండ మీద గుడారాలు ఎగిరిపోయాయి, దుడుమ జలపాతం ఎగిరిపోయింది. పాడువా మీదుగా అరకు ఒక్కటే మిగిలింది.

ఆ మాట మామ్మకి చెప్పాం. మాలో ఒకరికి పుట్టుకతో మామ్మ, ఇంకొకరికి పెళ్ళితో మామ్మ. ఇద్దరం కలిసే చెప్పాం.

"ఏటర్రా, పసిగుడ్డుని ఎత్తుకుని పెళ్ళిరోజేటి? ఎల్తే మీరు ఎల్లండి. దాన్ని నా దగ్గర వదిలీండి" అంది.

పాప ఇంకా తల్లిపాలు తాగుతోంది, రెండు రాత్రులు వదల్లేమన్నాం. అయితే అసలు వెళ్ళొద్దంది. దసరాకి కూడా ఇలాగే వద్దంటే చాదస్తం అనుకుని వెళ్ళిపోయాం. ఈసారి ఎందుకు వద్దో అడిగాం. చాలాసేపు చేటలో బియ్యం ఏరుతూ కూర్చుంది. తర్వాత చెప్పింది.

నాన్నకన్నా ముందు ఒక బాబు పుట్టి పోయాడని మన ఇంట్లో అందరికీ తెలుసు. ఎలా పోయాడో మేము ఎప్పుడూ వినలేదు. మామ్మ 1966లో సాలూరు నుంచి మాచ్‌ఖండ్ క్యాంపుకి కోడలిగా వచ్చింది. ముత్తాత ఆ డ్యాము కట్టేటప్పుడు ఒక కాంట్రాక్టరు దగ్గర లెక్కలు రాయడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. 1955లో కరెంటు మొదలైంది, తర్వాత తాతయ్యకి పవర్‌హౌస్‌లో పని దొరికింది. ఆంధ్రా, ఒడిశా కలిసి పంచుకునే కరెంటు కాబట్టి క్యాంపులో తెలుగు మాటకి లోటు లేదుట.

బాబుకి పది నెలలప్పుడు, శ్రావణంలో, మామ్మ చెల్లెలి పెళ్ళికి సాలూరు వెళ్ళారు. తిరిగొచ్చేటప్పుడు లారీలో వచ్చారు. సుంకి ఘాట్‌లో వానకి బండలు జారి దారి మూసుకుపోయింది. రాత్రంతా లారీలోనే ఉండిపోయారు. దోమతెర ఉంది. కానీ ట్రంకుపెట్టెలో, సామాన్లన్నిటికీ అడుగున.

"మగాళ్ళందరూ అలిసిపోయి పడుకున్నారు. నేను కొత్తకోడల్ని. సామాను దింపండి, దోమతెర కావాలి అని ఎలా అడిగేది? కొంగు కప్పి కూచున్నాను" అంది. పది పన్నెండు రోజులకి జ్వరం వచ్చింది. ఆ రోజుల్లో మన్యం జ్వరం అంటే తెలిసినవాళ్ళు తలొంచుకునేవారట. మూడో రోజుకి బాబు లేడు.

ఆ తర్వాత పుట్టిన నలుగురిలో ఎవర్నీ ఏడాది నిండేదాకా క్యాంపు గేటు దాటించలేదట ఆవిడ. "అడగాల్సింది. తిట్టినా అడగాల్సింది" అని మళ్ళీ చేట అందుకుంది.

మేము ఆ పూట ఇంక అరకు మాట ఎత్తలేదు. రాత్రి పాప పడుకున్నాక మాట్లాడుకుంటే మాకు ఒకటి తట్టింది. మేము కూడా ఎవర్నీ ఏదీ అడగలేదు. విశాఖలో అన్నీ మా ఇద్దరం వంతులేసుకున్నాం. ఒకరు విశ్రాంతి తీసుకుంటే ఇంకొకరు కాపలా. అంటే ఇద్దరం కలిసి ఒక్క గంట కూడా ఖాళీగా లేం. మనలో పురిటికి పుట్టింటికి పంపడం ఎందుకు? అక్కడ గాలి బాగుంటుందని కాదు. పిల్లని అందుకునే చేతులు అక్కడ ఎక్కువ ఉంటాయని. మేము చేతుల్ని ఇంట్లో వదిలేసి, విశ్రాంతి కోసం ఊరెళ్ళాం.

పొద్దున్నే మామ్మ దగ్గరికెళ్ళి, "మాతో వస్తావా? రాత్రిళ్ళు పాపని నీ దగ్గర పడుకోబెట్టుకుంటావా?" అని అడిగాం. పెళ్ళిరోజుకి మామ్మని తీసుకెళ్తారా అని తర్వాత నవ్వినవాళ్ళున్నారు. మామ్మ నవ్వలేదు. "దోమతెర నేను సర్దుతాను" అంది.

ఇక మేము ఏం చేశామో వరసగా చెప్తాం, ఎవరికైనా పనికొస్తుంది.

తొమ్మిది నెలలు నిండగానే పాపకి తట్టు, రుబెల్లా టీకా వేయించాం. ఆ టీకాకి జ్వరం వస్తే వెంటనే రాదు, వారం పన్నెండు రోజుల్లో రావచ్చని ఆశా దీదీ చెప్పింది. అందుకని టీకాకి, ప్రయాణానికి మధ్య రెండు వారాలు పైన ఉంచాం. వచ్చాక ఎప్పుడు ఒళ్ళు వేడెక్కినా టీకా జ్వరమో, జలుబో అనుకుని ఊరుకోకుండా అదే రోజు రక్తపరీక్ష చేయించమని కూడా చెప్పింది. పరీక్ష కిట్టు ఆమె దగ్గరే ఉంటుంది. 2017 నుంచి మన ఒడిశాలో దమన్ కార్యక్రమం కింద ఊరూరా పరీక్షలు చేసి, మందు పట్టించిన దోమతెరలు పంచుతున్నారు కదా. మలేరియా మామ్మ రోజుల్లోలాగా లేదు. అలాగని పోనూ లేదు.

తిండికి మొలకెత్తించి వేయించిన చోడిపిండి ఒక డబ్బా, పెసరపప్పు వేసి కొట్టిన బియ్యం నూక ఒక డబ్బా. నీళ్ళు కాచుకోడానికి చిన్న కరెంటు కెటిల్. అరకులో ఎక్కడ చూసినా తేనె అమ్ముతారు. మామ్మ నాలుక్కి రాస్తానంది. ఏడాది నిండని పిల్లలకి తేనెతో పేగుల్లో విషం పుట్టే ప్రమాదం ఉందని డాక్టరు చెప్పిన సంగతి చెప్పాం. ఒక్కసారి చెప్తే వింది. మాకే ఆశ్చర్యం వేసింది.

బసకి ముందే ఫోన్ చేసి నాలుగు అడిగాం. పక్కపక్కన రెండు గదులు కావాలి, కింది అంతస్తులో. పెళ్ళిళ్ళ హాలుకి దూరంగా. కిటికీలకి జాలీ ఉండాలి. రాత్రి పదింటికి కూడా వేణ్ణీళ్ళు దొరకాలి. అడిగితే ఇచ్చారు. విశాఖలో ఇవేవీ అడగలేదు మేము, ఏమనుకుంటారో అని.

కారులో సామానంతా వెనక పెట్టాం. దోమతెర మాత్రం మామ్మ ఒళ్ళోనే ఉంది. మడిచి, గుడ్డసంచిలో పెట్టి, దారంతా రెండు చేతులూ దానిమీదే. తీసి వెనక పెడతామన్నాం. వద్దంది. మేమూ మళ్ళీ అడగలేదు. పాప రెండు సార్లు పాలు తాగింది, ఒకసారి కక్కింది, మిగతా దారంతా నిద్రపోయింది. మొదటి రోజు ఎక్కడికీ వెళ్ళలేదు. గది ముందు చాప వేసుకుని కూర్చున్నాం.

గదిలో మంచానికి దోమతెర కట్టే కర్రలు లేవు. మామ్మ ఒక తాడు కిటికీ చువ్వకి, ఒకటి బీరువా పిడికి, ఒకటి తలుపు గొళ్ళేనికి కట్టింది. నాలుగోది కట్టడానికి ఏమీ దొరక్కపోతే గది కుర్రాణ్ణి పిలిచి, "బాబూ, ఇక్కడొక మేకు కొడతావేటి?" అని అడిగింది. ఆ కుర్రాడు మమ్మల్ని చూశాడు. మేము తలూపాం. మేకు కొట్టలేదుగానీ ఎక్కడినుంచో బట్టలారేసే స్టాండు ఒకటి తెచ్చిపెట్టాడు.

పెళ్ళిరోజు పొద్దున్న పద్మాపురం తోటకి వెళ్ళాం. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైనికులకి కూరగాయలు పండించడానికి మొదలుపెట్టిన తోట అది. ఇప్పుడు గులాబీలు, చెట్ల మీద గుడిసెలు, పిల్లల రైలు. బొర్రా గుహలు వద్దనుకున్నాం. అన్ని మెట్లు పిల్లని ఎత్తుకుని దిగి ఎక్కడం విశ్రాంతి కాదు. తోటలో మామ్మ ఒక చెట్టుకింద కూర్చుని, పాపని ఒళ్ళో వేసుకుని, "ఓ గంట ఎల్లి తిరిగి రండి. ఏడిస్తే నేనే ఆడించుకుంటాను" అంది.

మొదటి పది నిమిషాలూ పాప గురించే మాట్లాడుకున్నాం. తర్వాత మాటలు అయిపోయాయి. ఒక బల్ల మీద కూర్చుని కాఫీ తాగాం, చల్లారకముందే, చివరిదాకా, ఇద్దరం ఒకేసారి. దసరా తర్వాత ఒకరిమీద ఒకరికి ఉన్న కోపాలు రెండు మూడు చెప్పుకున్నాం. పెద్ద కోపాలేం కావు. ఇద్దరికీ నిద్ర లేకపోవడం వల్ల పెరిగినవి. గంట దాటి వెళ్తే పాప గడ్డి పీకుతోంది, మామ్మ దాని గుప్పెట్లోంచి గడ్డి లాగుతోంది.

ఆ రాత్రి పదింటికి పాలు తాగాక పాపని మామ్మ దోమతెరలోకి తీసుకుంది. అంచులు పరుపు కింద దోపుతూ మంచం చుట్టూ ఒకసారి తిరిగింది, మళ్ళీ ఒకసారి తిరిగింది. మేము పక్క గదిలో పడుకున్నాం. అలవాటు కొద్దీ రెండింటికి ఇద్దరికీ మెలకువ వచ్చేసింది. లేచి కూర్చుని ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఎవరి వంతూ కాదు. గోడ అవతల చప్పుడు లేదు. మళ్ళీ పడుకున్నాం. పాప ఐదున్నరకి ఏడిస్తే మామ్మ తలుపు కొట్టింది.

ఇంటికొచ్చి మూడు వారాలు రోజూ పాప ఒళ్ళు పట్టి చూసింది మామ్మ. ఏ జ్వరమూ రాలేదు. ఆ తర్వాత ఒక రోజు దోమతెర ఉతికి, ఎండలో కాకుండా నీడన ఆరేసి, మడిచి గుడ్డసంచిలో పెట్టి మాకిచ్చింది. "ఇది అడుగున పెట్టకండి" అని మాత్రం అంది.

పసిపిల్లలతో ఎక్కడికైనా బయల్దేరేవాళ్ళు మన ఇళ్ళలో ఇంకా ఉన్నారు. ఆ సంచి మా ఇంట్లో తలుపు పక్క మేకుకి వేలాడుతోంది. కావలిస్తే అడగండి.