పక్క ఫ్లాట్‌లో హారన్ మోత

అమెరికా వచ్చి మూడేళ్లయింది. ఇక్కడ రోడ్ల మీద హారన్ వినపడటమే తక్కువ. నాకు మాత్రం ఇంట్లోనే మోత! రోజూ సాయంత్రం అయిదయ్యేసరికి గోడ అవతల 'పోం... పోం' అని మొదలయ్యేది. అదే ముక్క, మళ్లీ మళ్లీ. ఒకరోజు మీటింగ్ మధ్యలో తట్టుకోలేక వెళ్లి తలుపు కొట్టాను.

తీసింది కాలేజీలో సంగీతం చదివే కుర్రాడు. చేతిలో నత్తగుల్లలా చుట్టుకున్న ఇత్తడి వాయిద్యం. ఫ్రెంచ్ హార్న్ అట. "సారీ అండీ, వచ్చే నెల నా సోలో రిసైటల్. అది చేస్తేనే డిగ్రీ" అన్నాడు. తర్వాత కొన్ని రోజులకి నా తలుపు కింద ఒక కాగితం కనపడింది. ఆదివారం రాత్రి 7.30, ప్రవేశం ఉచితం.

గొడవపడ్డ గిల్టీతో వెళ్లాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా నాన్న సన్నాయి వాయిస్తారు. పెళ్లిళ్లకి, గుళ్లో ఉత్సవాలకి. మా ఇంట్లో గోడ మీద షేక్ చినమౌలానా గారి ఫొటో ఉంటుంది. ప్రకాశం జిల్లా కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడ్డ నాదస్వర విద్వాంసుడు. నాన్నకి ఆయన దేవుడు. ఇంజినీరింగ్‌లో ఫ్రెండ్స్ "మీ డాడీ ఏం చేస్తార్రా?" అంటే నేను "బిజినెస్" అనేవాణ్ని. నాలుగేళ్లూ అదే చెప్పాను.

హాల్లో జనం ముప్పైమంది కూడా లేరు. స్టేజీ మీద పియానో వాయించే ఆవిడ, మా పక్కింటి కుర్రాడు. అంతే. చివరి అంశం రిచర్డ్ స్ట్రాస్ మొదటి హార్న్ కాన్చెర్టో. ఆర్కెస్ట్రా బదులు పియానో. స్ట్రాస్ దాన్ని 1882-83లో, పద్దెనిమిదేళ్ల వయసులో రాశాడు. వాళ్ల నాన్న మ్యూనిక్‌లో పేరున్న హార్న్ వాద్యకారుడు. అది చదివి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

పియానో ఒక్కసారి మోగింది. వెంటనే హార్న్ ఒక్కటే గొంతెత్తింది. గోడ అవతల నన్ను విసిగించిన ముక్క అదే! ఎదురుగా కూర్చుని వింటే ఒళ్లు జలదరించింది.

మధ్యలో ఒక పై స్వరం చీలిపోయింది. అందరికీ వినపడింది. ఆ గొట్టం విప్పి సాగదీస్తే దాదాపు 12 అడుగులుంటుంది. పైకి వెళ్లేకొద్దీ స్వరాలు పక్కపక్కనే ఇరుక్కుని ఉంటాయి. పెదవి కాస్త తప్పితే పక్కదాని మీద పడుతుంది. కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. కానీ ఆపలేదు. పియానో వంతు వచ్చినప్పుడు చిన్న గొట్టం లాగి, లోపల చేరిన తడి దులిపి, మళ్లీ ఎత్తుకున్నాడు.

ఆ దులపడం నాకు తెలుసు. నాన్న కూడా సన్నాయి అలాగే దులిపి, పీక తుడుచుకుంటారు. పెళ్లిలో ఎవరూ చూడరు. భోజనాల గోల, ఫొటోగ్రాఫర్ కేకలు. పంతులుగారు చెయ్యి ఊపితే గట్టిమేళం, అందరి కళ్లూ తాళి మీదే. ఇరవయ్యేళ్లు ఆ పందిళ్లలో తిరిగాను. ఒక్కసారైనా నాన్న ఎదురుగా కూర్చుని మొదటి నుంచి చివరిదాకా వినలేదు.

అయ్యాక బయట వాళ్ల నాన్న హార్న్ పెట్టె పట్టుకుని నిలబడ్డాడు. నాలాంటి ముక్కూమొహం తెలియనివాళ్లని కూడా ఆపి "మా అబ్బాయే" అని చెప్తున్నాడు. నేను తల దించుకుని కారెక్కాను.

ఇంటికొచ్చి ఫోన్ చేశాను. అక్కడ అప్పుడే తెల్లారింది.

"ఏమైందిరా? ఒంట్లో బాగానే ఉందా?"

"బాగానే ఉంది నాన్నా. కాస్త సన్నాయి వాయించవా?"

"ఇప్పుడా? ఎవరు వింటార్రా?"

"నేను."

కాసేపు మాట లేదు. తర్వాత పీక సరిచూసుకుంటున్న చప్పుడు. వాయించడం మొదలుపెట్టారు. ఏం రాగమో నాకు తెలీదు. ఇన్నాళ్లూ తెలుసుకోనందుకు సిగ్గేసింది. అయిపోయాక అడిగాను.

"భూపాలంరా. పొద్దున పూట వాయించేది" అన్నారు నాన్న.