రెండు మోటార్లతో పుల్లలచెరువుకు

గుంటూరులో రైలెక్కేటప్పుడు నా దగ్గర బట్టల సంచితో పాటు ఒక అట్టపెట్టె ఉంది. అందులో పాత చీరముక్కలో చుట్టిన మోటారు. అరచేతిలో ఇమిడేంతది, బరువు 90 గ్రాములు. నరసరావుపేట, వినుకొండ దాటాయి. సాగర్ కాలువ పచ్చదనం మెల్లగా పలచబడింది. దొనకొండలో బండి ఆగినప్పుడు కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బ్రిటిష్‌వాళ్లు విమానాల కోసం రన్‌వే వేసిన ఊరిది. చిన్నప్పుడు ఈ దారిన పోయినప్పుడల్లా అక్కడ ఒక్క విమానమైనా కనపడకపోతుందా అని వెతికేవాణ్ణి. ఇప్పుడు నేను మోసుకుపోతున్నదీ విమానం మోటారే.

మార్కాపురం రోడ్డు స్టేషన్‌కి మేనల్లుడు వచ్చాడు. ఇంజనీరింగ్ మూడో ఏడు. కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్‌లో చేరాడు. అక్కడి శిక్షణలో ఏరోమోడలింగ్ కూడా ఒక భాగం, ఆ పిచ్చి అలా పట్టుకుంది. సంక్రాంతి సెలవుల్లో ఇంట్లోనే కూర్చుని బాల్సా చెక్కతో, కార్బన్ గొట్టాలతో రేడియో కంట్రోల్ గ్లైడర్ కట్టాడు. రెక్కల కొస నుంచి కొసకు 2 మీటర్లు, బ్యాటరీతో కలిపి బరువు 950 గ్రాములు. నిగనిగలాడే పని. కానీ వారం కిందట ఫోన్ చేసినప్పుడు గొంతులో జీవం లేదు. "మావయ్యా, సరిగా ఎక్కట్లేదు. మోటారు గొంతు చించుకుంటోందిగానీ విమానం గబగబా పైకి పోవట్లేదు."

ఆ సాయంత్రం అక్కావాళ్ల డాబా మీద దాన్ని చూశాక సంగతి తెలిసింది. వాడు కొన్నది 2200 కేవీ మోటారు, దానికి 6×4 ప్రొపెల్లర్. కేవీ అంటే ఇక్కడ కిలోవోల్టు కాదు. బరువేమీ లేకుండా తిప్పితే ఒక్కో వోల్టుకు నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చెప్పే లెక్క. 6×4లో మొదటిది అంగుళాల్లో ప్రొపెల్లర్ వ్యాసం, రెండోది పిచ్, అంటే మెత్తటి పదార్థంలో మరమేకులా దిగితే ఒక చుట్టుకు ఎంత ముందుకు పోతుందో అది. ఎక్కువ కేవీ, చిన్న ప్రొపెల్లర్ జోడీ చిన్న సైజు వేగపు విమానాలకు బాగుంటుంది. గ్లైడర్ నడక వేరు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో తాపీగా పోయేది అది. దానికి కావాల్సింది ఎక్కువ గాలిని నిదానంగా వెనక్కి నెట్టే పెద్ద ప్రొపెల్లర్.

మాటలతో వాడు నమ్మలేదు, నేను బలవంతపెట్టలేదు. తోకకు నూలుతాడు కట్టి, అక్క ఇంట్లో ఉన్న స్ప్రింగ్ తూకానికి తగిలించాం. బ్యాటరీకీ స్పీడ్ కంట్రోలర్‌కీ మధ్య వాట్ మీటర్ పెట్టాం. ఫుల్ థ్రాటిల్ ఇస్తే మీటర్ 15 ఆంపియర్లు, 160 వాట్లు చూపించింది. తూకం ముల్లు 450 గ్రాముల దగ్గర ఊగుతూ నిలబడింది. విమానం బరువులో సగమైనా లేదు ఆ లాగుడు. వాడు చాలాసేపు ఆ ముల్లు వంకే చూశాడు.

తర్వాత పాతది విప్పి నేను తెచ్చిన 900 కేవీ మోటారు బిగించాం. దాని ముందు 11×6 ప్రొపెల్లర్, అదీ మడత ప్రొపెల్లర్. మోటారు ఆగగానే గాలి ఒత్తిడికి దాని రెండు రేకులూ వెనక్కి మడుచుకుని ముక్కుకు అంటుకుపోతాయి. ముక్కులోని ప్లైవుడ్ పలకకు కొత్త కన్నాలు వేయడానికి గంట పట్టింది. బిగించి థ్రాటిల్ ఇస్తే మోటారు ఎదురు తిరిగింది. బ్రష్‌లెస్ మోటారుకు వచ్చే మూడు తీగల్లో ఏ రెండింటిని తారుమారు చేసినా దిశ మారుతుంది. మార్చాం. ఈసారి మీటర్‌లో 20 ఆంపియర్లు, 220 వాట్లు. తూకం ముల్లు 1100 గ్రాములు దాటింది. కరెంటు మూడో వంతు పెరిగితే లాగుడు రెండింతలు మించింది.

ఇంకో సంగతి వాణ్ణి ఎక్కువ ఆశ్చర్యపరిచింది. పాత మోటారు 50 గ్రాములే. ముక్కు తేలికై విమానం తోక మీద కూలబడుతుంటే, తూకం కుదర్చడానికి వాడు ముక్కులో 40 గ్రాముల సీసం గుండ్లు పోశాడు. చేపల వలలకు కట్టే గుండ్లవి. కొత్త మోటారు పెట్టాక అవన్నీ తీసేశాం. మొత్తం బరువు మళ్లీ అదే 950 గ్రాములు. తేలిక మోటారు కొన్నానని మురిసిపోయి, ఆ తేడాను సీసంగా మోశాడు. గ్లైడర్‌కు పొడవాటి తోక ఉంటుంది, ముక్కు పొట్టిది. అందుకే ముక్కులో ఎంత బరువు కావాలో ముందు లెక్కేసుకుని, ఆ బరువున్న మోటారునే వెతుక్కోవడం మేలు.

మర్నాడు పొద్దున్నే దాన్ని ఎగరేయడానికి పుల్లలచెరువుకు పల్లెవెలుగు బస్సు. రెక్కలు మూడు ముక్కలుగా ఊడి వస్తాయి గనుక దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాం. యర్రగొండపాలెం మీదుగా పోతుంటే పడమటి వైపు నల్లమల నీలంగా కనపడుతూనే ఉంది. దారిలో వాడికి పాత కథలు చెప్పాను. 1957 జూన్ 30న ఇంగ్లండులో కల్నల్ టాప్లిన్ అనే ఆయన తన రేడియో క్వీన్ అనే మోడల్ విమానాన్ని కరెంటు మోటారుతో ఎగరేశాడు. రేడియో కంట్రోల్ విమానాల్లో విద్యుత్తుతో ఎగిరినవాటికి అదే మొదటిదిగా చెబుతారు. అందులో వాడింది వెండి, జింకు బ్యాటరీ. జర్మనీలో ఫ్రెడ్ మిలిట్కీ అనే ఇంజనీరు గ్రౌప్నర్ కంపెనీ కోసం చిన్న విద్యుత్ మోడళ్లతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టాడు. ఆయన తోడ్పాటుతోనే 1973 అక్టోబర్ 21న ఆస్ట్రియాలో హైనో బ్రిడిచ్కా మోటార్ గ్లైడర్‌కు కరెంటు మోటారు బిగించి, మనిషి కూర్చున్న విమానాన్ని దాదాపు 9 నిమిషాలు ఎగరేశాడు. బొమ్మ విమానాల బల్లల మీద మొదలైన ఆ పని మనిషిని మోసేదాకా ఎదిగింది. ఇలాంటి ఆటలను పిల్లచేష్టలని కొట్టిపారేసేవాళ్లు నా ముందు ఆ మాటంటే నేను ఊరుకోను.

పుల్లలచెరువులో దిగేసరికి పది కావస్తోంది. ఫిబ్రవరి ఎండ అప్పుడే చురుక్కుమంటోంది. పత్తి తీసేసిన చేలు, కంది కోసిన మోళ్లు, అక్కడక్కడా కళ్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయలు. గాలిలో ఆ ఘాటు. డ్రోన్లు ఎక్కడ ఎగరేయొచ్చో చూపే డిజిటల్ స్కై పటం ముందే చూసుకున్నాం. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో 400 అడుగులు, అంటే 120 మీటర్లు మించకూడదు. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం ఈ నల్లమల కొండల్లోనే ఉంది కాబట్టి అడవి అంచుకు బాగా ఎడంగా, ఊరివైపు బీడు చూసుకున్నాం. ఆ బీడు రైతు ఒక పెద్దాయన. అడిగితే సరేనన్నాడు.

"ఏందబ్బాయ్ అది, మందు కొట్టే డ్రోనా?"

"కాదు తాతా, ఇది మోటారు ఆపేసినా గాల్లో ఉండిద్ది" అన్నాడు మేనల్లుడు.

పెద్దాయన నమ్మినట్టు లేదు. దగ్గరకొచ్చి మోటారు చూశాడు, మూడు తీగలూ చూశాడు. రాత్రి అది ఎదురు తిరిగిందని చెబితే నవ్వాడు. "ఫేజులు తారుమారైతే మా బోరు మోటారూ అంతే. రెండు తీగలు మార్చి కడితే దారికొచ్చిద్ది." ఆయన బోరు సంగతి చెప్పాడు. ఈ మెట్టప్రాంతంలో వందల అడుగులు దిగితేగానీ నీళ్లు తగలవు. ఒకసారి ఎవరో చెప్పారని లోతుకు చాలని మోటారు దించి, మళ్లీ పైకి తీసి, కొత్తది కొని దించాడట. "లోతు చూసుకోని గదయ్యా మోటారు తెచ్చేది" అన్నాడు. మేనల్లుడు నా వైపు చూశాడు. 160 వాట్లూ 220 వాట్లూ పక్కపక్కన పెట్టి రాత్రి నేను చెప్పబోయిందంతా ఆ ఒక్క మాటలో ఉంది. విమానం బరువెంత, ఎంత నిటారుగా ఎక్కాలి, ఎంతసేపట్లో ఎక్కాలి అన్నవి తేల్చుకున్నాకే ప్రొపెల్లర్, దాన్నిబట్టి మోటారు కేవీ, దాన్నిబట్టి కంట్రోలర్, చివరికి బ్యాటరీ. వాడు అంగడిలో మోటారు దగ్గర మొదలుపెట్టాడు.

కిలో బరువుకు 100 నుంచి 150 వాట్లుంటే గ్లైడర్ మెల్లగా ఎక్కుతుంది. 200 దాటితే ముక్కు ఆకాశానికెత్తి ఎక్కుతుంది. వాడి పాత అమరికలోనూ కిలోకు 170 వాట్ల దాకా ఉన్నాయి. వాట్లకు కొదవ లేదు. అవి చిన్న ప్రొపెల్లర్ చుట్టూ సుడి తిప్పడంలో కరిగిపోయాయి.

మొదటిసారి చేత్తో విసిరాడు. గ్లైడర్ చేయి వదలగానే కోణం తీసుకుని సర్రున లేచింది. 20 సెకన్లలో 100 మీటర్ల ఎత్తు. పాత మోటారుతో అంత ఎక్కడానికి 40 సెకన్లు పట్టేదట. ఇక్కడే ఓ చిన్న లెక్క ఉంది. 15 ఆంపియర్లు 40 సెకన్లు తాగితే బ్యాటరీలోంచి 167 మిల్లీ ఆంపియర్ అవర్లు పోతాయి. 20 ఆంపియర్లు 20 సెకన్లు తాగితే 111. పెద్ద ప్రొపెల్లర్ ఎక్కువ గుంజినట్టు కనపడినా, పని త్వరగా ముగించి తక్కువ తాగింది. వాడి దగ్గరున్నది 1300 మిల్లీ ఆంపియర్ అవర్ల సామర్థ్యం గల మూడు సెల్లుల లిపో బ్యాటరీ. అయిదో వంతు మిగుల్చుకున్నా తొమ్మిదిసార్లు ఎక్కొచ్చు. అంతకన్నా పెద్ద బ్యాటరీ అనవసరపు బరువే.

కానీ మోటారు ఆపాక విమానం తేలలేదు. రయ్యిమంటూ కిందికి జారింది. పైకి చూస్తే ప్రొపెల్లర్ మడుచుకోలేదు, గాలికి తిరుగుతూనే ఉంది. తిరిగే ప్రొపెల్లర్ గాలికి అడ్డంపడి గొడుగులా వెనక్కి లాగుతుంది. కంట్రోలర్‌లో బ్రేక్ పెట్టడం మరిచాం. అది పెడితే థ్రాటిల్ సున్నా చేయగానే మోటారు ఠక్కున ఆగుతుంది, రేకులు మడుచుకుంటాయి. తుమ్మచెట్టు నీడలో కూర్చుని, ముందు ప్రొపెల్లర్ విప్పి పక్కన పెట్టి, కంట్రోలర్ కూతలు లెక్కపెట్టుకుంటూ బ్రేక్ ఆన్ చేశాం. కంట్రోలర్ 30 ఆంపియర్లది. 20కి 30 ఎందుకంటే ఈ ఎండలో ఇరుకు ముక్కులో అది మాడకుండా ఉండాలి. గాలి లోపలికి పోయే కన్నం కంటే బయటికొచ్చేది పెద్దదిగా కోశాను.

రెండోసారి ఎక్కించి మోటారు ఆపగానే నిశ్శబ్దం. అంతకుముందు వినపడని కళ్లాల దగ్గరి మాటలు వినపడ్డాయి. ఇలాంటి గ్లైడర్లకు ఎఫ్5జె అనే అంతర్జాతీయ పోటీ ఉంది. అందులో మోటారుకు 30 సెకన్లే ఇస్తారు, ఎక్కిన ప్రతి మీటరుకూ మార్కులు కోస్తారు, 200 మీటర్లు దాటితే ఇంకా గట్టిగా కోస్తారు. 10 నిమిషాలు గాల్లో ఉండి గీసిన చుక్క దగ్గర దిగాలి. తక్కువ ఎత్తులో మోటారు ఆపి, నేల వేడికి లేచే గాలిని వెతుక్కున్నవాడిదే గెలుపు.

ఆ వేడిగాలి ఎక్కడుందో ఇక్కడ గద్దలు చెప్పాయి. మిరప కళ్లం అవతల ఎర్రనేల మీద రెండు గద్దలు రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతున్నాయి. మేనల్లుడు విమానాన్ని మెల్లగా అటు మళ్లించాడు. ముందు ఎడమ రెక్క కొద్దిగా లేచింది. వాడు అటే తిప్పాడు. గ్లైడర్ గద్దలకు కాస్త దిగువన అదే గుండ్రంలో తిరగడం మొదలెట్టింది. కిందికి రావట్లేదు. 120 మీటర్ల గీత దాటబోతుంటే రెండుసార్లు వాడే కిందికి దించాడు.

పెద్దాయన నుదుటికి చేయి అడ్డం పెట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. "మోటారు ఆపావా?" అని అడిగాడు. ఆపానన్నాడు వాడు. కాసేపయ్యాక మళ్లీ అడిగాడు. ట్రాన్స్‌మిటర్ టైమర్‌లో పదకొండు నిమిషాలు పడ్డాక విమానం కంది మోళ్ల మీద వాలి, రెండు గజాలు జారి ఆగింది. పెద్దాయన వెళ్లి దాన్ని రెండు చేతులతో జాగ్రత్తగా ఎత్తుకొచ్చాడు. అరచేతిని మోటారు మీద ఆనించి చూశాడు.

"చల్లగానే ఉందే" అన్నాడు.